మధుమేహ విజ్ఞాన చరిత్ర : పదములు, పదార్థములు

ఒక వ్యాధికి లోకము పెట్టిన పేరు, ఆ వ్యాధిని లోకము మొదట ఎక్కడ గుర్తించెనో తెలుపును. ‘మధుమేహము’ అను సంస్కృతపదము తేనెవంటి మూత్రమును చూపును. ‘డయాబిటిస్’ అను గ్రీకుపదము శరీరమున నిలువక దాటిపోవు ద్రవమును చూపును. ‘అతిమూత్రవ్యాధి’ అను పేరును ఆ ద్రవమునే చూపును. నేడు పల్లెలయందును పట్టణములయందును వినవచ్చు ‘చక్కెరవ్యాధి’, ‘షుగరు’ అను మాటలు చక్కెరను చూపును. ఈ పేర్లలో ఏదియు వ్యాధి మూలమును చూపదు. ఆ మూలము మూత్రమున లేదు. తినెడు చక్కెరయందు మాత్రమే యున్నదనుటయు సరికాదు. అది క్లోమమునందలి సూక్ష్మకణసమూహములయందును, అవి రక్తములోనికి విడుచు హార్మోనులయందును, ఆ హార్మోనుల యాజ్ఞను పాటించు కాలేయ కండరాదులయందును ఉన్నది.

లక్షణమునుండి మూలమునకు సాగిన ఈ ప్రయాణమునకు రెండువేల యేండ్లు పట్టినది. ఆ ప్రయాణమున పదము పదార్థమునకు ఎప్పుడు తోడ్పడినది, ఎప్పుడు అడ్డువచ్చినది అను విషయమును పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము. విషయము వైద్యశాస్త్రమునకు చెందినదైనను, పదములకు అర్థము నిర్ణయించు పని భాషాశాఖలకును చెందినదే కావున ఇచట చర్చించుట అనుచితము కాదని తలచుచున్నాను.

1. ప్రాచీనుల మేహవిచారము

‘మిహ్’ ధాతువునకు తడుపుట, స్రవించుట యని యర్థము. దానినుండి పుట్టిన మేహశబ్దము మూత్రమునకును మూత్రదోషములకును చెల్లినది. చరకసంహిత నిదానస్థానమున ప్రమేహములు ఇరువదిగా లెక్కింపబడినవి: కఫజములు పది, పిత్తజములు ఆరు, వాతజములు నాలుగు. మధుమేహము ఈ కడపటి నాలుగింటిలో ఒకటి. మూత్రముయొక్క రంగు, చిక్కదనము, రుచి, వాసన మొదలగు గుణములను బట్టి ఈ విభాగము చేయబడినది. కావున ప్రమేహమనునది నేటి యర్థమున ఒక్క వ్యాధి కాదు. మూత్రమున మార్పు గోచరించు పెక్కు స్థితుల సముదాయము. తెలుగున ‘మేహము’ అను మాట ఈ విశాలార్థముననే నిలిచి, సుఖవ్యాధులకు సైతము వాడబడినది.

ఈ పరిమితిని గుర్తించిన పిమ్మట, ప్రాచీనుల పరిశీలనశక్తిని మెచ్చుకొనకుండుట సాధ్యము కాదు. రోగి శరీరమునకును మూత్రమునకును చీమలు చేరుట చరకసంహితయందు పూర్వరూపములలో ఒకటిగా చెప్పబడినది. చికిత్స చేయని ప్రమేహములన్నియు కాలక్రమమున మధుమేహముగా పరిణమించి అసాధ్యములగునని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. సుశ్రుతుడే చికిత్సాస్థానమున ప్రమేహమును సహజమనియు, అపథ్యనిమిత్తమనియు రెండుగా విభజించెను. మొదటిది తల్లిదండ్రుల బీజదోషమున కలుగునది. ఆ రోగి కృశించి, అల్పముగా తినుచు, మిక్కిలి దప్పి కలవాడై యుండును. రెండవది తగని యాహారవిహారములవలన కలుగునది. ఆ రోగి స్థూలకాయుడు, అధికముగా భుజించువాడు, కూర్చుండుటయందును నిద్రయందును ప్రీతి కలవాడు.

చికిత్సయు గమనింపదగినది. ధనములేనివాడు చెప్పులు, గొడుగు లేక, భిక్షాన్నము తినుచు, ఊరూర ఒక్క రాత్రి మాత్రమే నిలుచుచు, నూరు యోజనములు లేక అంతకు మించి నడువవలెనని సుశ్రుతుని విధి. బావి త్రవ్వుటయు ఆయన చెప్పిన ఉపాయములలో ఒకటి. చరకుడు యవధాన్యముతో చేసిన యాహారమునకు ప్రాధాన్యమిచ్చెను. దేహశ్రమ, ఆహారనియమము అను రెండును నేటి వైద్యులును మొదట చెప్పు మాటలే.

అయినను సుశ్రుతుని రెండు విభాగములను నేటి మొదటి రకము, రెండవ రకము మధుమేహములతో సమానము చేయుట తొందరపాటు. కృశుడు, స్థూలుడు అను రూపభేదము వరకు పోలిక చక్కగా కుదురును. కారణమునకు వచ్చునప్పటికి తారుమారగును. వంశానుగతమైన ప్రభావము రెండవ రకమునందే ఎక్కువ బలముగా కనబడుచున్నదని కవలల పరిశీలనము తెలుపుచున్నది. సుశ్రుతుడో బీజదోషమును కృశించిన రోగికి చెప్పెను. ఆయన చూచినది సత్యము. చూచినదానికి ఆయన చెప్పిన హేతువు ఆ కాలపు సిద్ధాంతమునకు చెందినది. ఈ రెంటిని వేరుచేసి చూడనిచో ఆయనకు న్యాయము చేసినవారము కాము.

2. క్లోమశబ్దము

ఇంతకంటె జాగ్రత్తగా చూడవలసిన పదము ‘క్లోమము’. నేటి తెలుగు శాస్త్రగ్రంథములలో ఇది జీర్ణాశయము వెనుక అడ్డముగా నున్న గ్రంథికి పేరు. ఇన్సులిన్ పుట్టుచోటు ఇదియే. చరకసుశ్రుతసంహితలు రెండును ఉదకవహస్రోతస్సులకు, అనగా శరీరమున నీటిని వహించు మార్గములకు, తాలువును క్లోమమును మూలములని చెప్పుచున్నవి. మధుమేహి యధికముగా దప్పిగొనును. ఈ మూడు విషయములను ఒకచోట చేర్చినచో, మధుమేహమునకు క్లోమము కారణమని ప్రాచీనులు ముందే యెరిగిరని చెప్పవలెనను కోరిక కలుగుట సహజము.

ఈ యనుమానము పదసామ్యముపై మాత్రమే నిలిచినది. ప్రాచీనగ్రంథములలోని క్లోమము ఏ యవయవమో పండితులకు ఏకాభిప్రాయము లేదు. ఊపిరితిత్తులకు చెందినదని కొందరును, కంఠభాగమని కొందరును, పిత్తాశయమని కొందరును, నేటి క్లోమమే యని కొందరును వివరించిరి. ఆధునిక భాషలు పారిభాషిక పదములను ఏర్పరచుకొన్నప్పుడు ఒక్కొక్క భాష ఒక్కొక్క త్రోవ త్రొక్కినది. తెలుగువారు ఈ గ్రంథికి క్లోమమను పేరిడిరి. హిందీలో దీనికి ‘అగ్న్యాశయ’ మని పేరు. అచట ‘క్లోమ’ శబ్దము చేపల మొప్పలకు చెల్లుచున్నది. మరాఠీలో ఇదే గ్రంథి ‘స్వాదుపిండ’ మగును. ఒక్క సంస్కృతశబ్దము తెలుగువాని కడుపులో గ్రంథియై, హిందీ పుస్తకమున చేప మొప్పయైన పిమ్మట, ఆ శబ్దమును సాక్ష్యముగా నిలిపి ప్రాచీనుల కీ జ్ఞానము కలదని తీర్పు చెప్పుట యుక్తము కాదు. నేడు మనము పెట్టిన యర్థమును నాటి గ్రంథమునుండి తిరిగి తీసి చూపుట అగును.

మరియు, ప్రాచీనుల ప్రమేహనిదానమున క్లోమమునకు స్థానము లేదు. వారు మేదస్సును, కఫమును, వస్తిని గూర్చి చెప్పిరి. క్లోమమును దప్పితో జతచేసినను, మధుర మూత్రముతో జతచేయలేదు. ఆ జత కుదురుటకు 1889వ సంవత్సరము వరకు ఆగవలసి వచ్చినది.

3. మూత్రమునుండి రక్తమునకు, రక్తమునుండి కాలేయమునకు

కపడోషియా దేశపు గ్రీకువైద్యుడు అరెటేయస్ ఈ వ్యాధిలో మాంసము కరగి మూత్రముగా పోవునట్లు కనబడునని వర్ణించెను. యూరపున చాలకాలము మూత్రముయొక్క పరిమాణమే ముఖ్యముగా తలపబడినది. మాధుర్యమును నొక్కి చెప్పినవాడు ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్. ఆయన గ్రంథము 1674 నాటిది. 1776లో మాథ్యూ డాబ్సన్ రోగి మూత్రమును ఆవిరిచేసి చక్కెరను చూపుటయే గాక, రక్తపు పలుచని భాగమును తీయగానే యుండునని తెలిపెను. ఇది చిన్న విషయముగా కనబడినను చరిత్రలో గొప్ప మలుపు. చక్కెర మూత్రపిండమున పుట్టుట లేదు, రక్తమునుండి వచ్చుచున్నది. 1815లో షెవ్రల్ ఆ చక్కెర ద్రాక్షశర్కర, అనగా గ్లూకోజు, అని నిర్ధారించెను.

రక్తమునకు చక్కెర ఎచటినుండి వచ్చినది? తినిన యాహారమునుండి యను సమాధానము అందరికి తోచునది. ఫ్రాన్సునందు క్లోడ్ బెర్నార్డ్ 1848లో మాంసము మాత్రమే తినిపించిన జంతువుల కాలేయమునుండి వెడలు రక్తమునను చక్కెర కలదని కనుగొనెను. 1857లో కాలేయమునుండి గ్లైకోజెన్ అను పదార్థమును వేరుచేసెను. శరీరము చక్కెరను తినుట మాత్రమే కాదు, స్వయముగా చేయును, దాచును, అవసరమైనప్పుడు విడుచును అని దీనివలన తేలినది. చక్కెర తినకున్నచో చక్కెరవ్యాధి యుండదను భ్రమకు సమాధానము నాడే దొరకినది. రాత్రి యంతయు ఏమియు తినని రోగి రక్తమున ఉదయమున చక్కెర పెరిగి యుండుటకు కారణము, ఆ రాత్రి కాలేయము అదుపులేక పనిచేయుటయే.

4. పదార్థమునకు ముందు పుట్టిన పదము

1869లో బెర్లిన్ విద్యార్థి పాల్ లాంగర్‌హాన్స్ తన సిద్ధాంతవ్యాసమున క్లోమమునందు తక్కిన కణములకంటె భిన్నములై, గుంపులుగా నున్న చిన్న కణములను వర్ణించెను. అప్పటికి ఆయన వయస్సు 21 సంవత్సరములు. వాని పని ఏమో తాను చెప్పలేదు. 1889లో, నాడు జర్మనీకి చెందిన స్ట్రాస్‌బర్గ్ నగరమున ఆస్కర్ మింకోవ్‌స్కీ, యోసెఫ్ ఫాన్ మెరింగ్ అనువారు ఒక కుక్క క్లోమమును పూర్తిగా తీసివేసిరి. ఆ కుక్కకు తీవ్రమైన మధుమేహము వచ్చినది. తరువాతి ప్రయోగములలో క్లోమఖండమును చర్మము క్రింద నాటినచో వ్యాధి రాలేదు. ప్రేగులోనికి రసమును గొనిపోవు నాళముతో ఆ ఖండమునకు సంబంధము లేదు. అయినను అది కుక్కను కాపాడినది. కావున కాపాడిన వస్తువు నాళమున కాక రక్తమున పోవుచుండవలెను.

1893లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లాగెస్ ఆ కణసమూహములకు ‘లాంగర్‌హాన్స్ ద్వీపములు’ అని పేరుపెట్టి, అంతఃస్రావము వాని పని కావచ్చునని సూచించెను. అమెరికాలో ఓపీ 1901 ప్రాంతమున మధుమేహముతో మరణించినవారి ద్వీపములు చెడియుండుట చూపెను. రష్యాలో సోబోలెవ్ క్లోమనాళమును కట్టివేసినచో జీర్ణరసకణములు క్షీణించుననియు, ద్వీపములు నిలుచుననియు, మధుమేహము రాదనియు తెలిపెను. 1905లో స్టార్లింగ్ ‘హార్మోను’ అను పదమును వాడుకకు తెచ్చెను. రక్తమార్గమున పోయి దూరపు టవయవమును ప్రేరేపించు ద్రవ్యమని దాని భావము.

1909లో బెల్జియము శాస్త్రజ్ఞుడు ద మేయర్, ద్వీపములలో పుట్టునని ఊహించిన ద్రవ్యమునకు ద్వీపవాచకమగు లాటిన్ ‘ఇన్సులా’ నుండి ‘ఇన్సులిన్’ అను పేరు కూర్చెను. ఇంగ్లండులో షార్పే-షేఫర్ ఆ పేరునే స్వతంత్రముగా సూచించెను. ఆ ద్రవ్యమును చూచినవారు అప్పటికి ఎవ్వరును లేరు. మధుమేహమను పేరు చూచినదానికి పెట్టినది. ఇన్సులిన్ అను పేరు చూడవలసినదానికి పెట్టినది. ఇచట పదము పదార్థమునకు దారిచూపినది.

5. టొరంటో ప్రయోగములు

ఆ ద్రవ్యమును వెలికి తీయ యత్నించినవారు పలువురు. 1908లో జర్మనీయందు జ్యూల్జర్ రోగులకు క్లోమసారమును ఎక్కించెను. దుష్ఫలితములవలన ఆ పని నిలిచిపోయినది. రుమేనియాకు చెందిన పాలెస్కూ 1921లో కుక్కలలో తన క్లోమసారము రక్తపు చక్కెరను తగ్గించినదని ప్రకటించెను. ఆయనకు రావలసిన గుర్తింపు రాలేదను చర్చ నేటికిని కలదు.

కెనడాయందు ఫ్రెడరిక్ బాంటింగ్ అను శస్త్రవైద్యునకు 1920 అక్టోబరు చివర ఒక యాలోచన కలిగెను: నాళమును కట్టివేసి, జీర్ణరసకణములు క్షీణించిన పిమ్మట ద్వీపములనుండి సారము తీయవలెను. టొరంటో విశ్వవిద్యాలయమున మెక్లియడ్ ఆచార్యుని ప్రయోగశాలలో 1921 మే మాసమున ఆయనయు, ఛార్లెస్ బెస్ట్ అను విద్యార్థియు పని మొదలిడిరి. సంవత్సరాంతమున రసాయనజ్ఞుడు కొలిప్ వారితో చేరెను. 1922 జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునకు మొదటి సూదిమందు వేయబడినది. అది శుద్ధము కానందున ఫలితము స్వల్పము. కొలిప్ శుద్ధిచేసిన సారమును జనవరి 23న ఇచ్చినప్పుడు రక్తపు చక్కెర దిగివచ్చినది. ఆ బాలుడు 1935 వరకు జీవించెను. అంతకు ముందు అట్టి పిల్లలకు వైద్యులు ఈయగలిగినది అర్ధాకలి యాహారము మాత్రమే. అది మరణమును కొన్ని మాసములు వెనుకకు నెట్టెడిది.

బాంటింగ్ మొదట తలచిన నాళబంధనము తుదకు అవసరము లేకపోయెను. పశువుల సంపూర్ణక్లోమమునుండియే ఆల్కహాలు సహాయమున సారము తీయగలిగిరి. 1923లో నోబెల్ బహుమానము బాంటింగ్, మెక్లియడ్‌లకు వచ్చినది. బాంటింగ్ తన భాగమున సగము బెస్టునకును, మెక్లియడ్ తన దానిలో సగము కొలిప్పునకును ఇచ్చిరి. ఆవిష్కరణపు హక్కును ఒక్కొక్కరు ఒక్కొక్క డాలరునకు విశ్వవిద్యాలయమున కప్పగించిరి.

6. ఒక్క హార్మోను కాదు: తూకము

ఇన్సులిన్ దొరకుటతో కథ ముగిసినట్లు లోకము తలచినది. కాని 1923లోనే కింబాల్, మర్లిన్ అనువారు క్లోమసారమున చక్కెరను పెంచు అంశమొకటి కలదని గుర్తించి దానికి ‘గ్లూకగాన్’ అని పేరిడిరి. అది ద్వీపములలోని ఆల్ఫా కణములనుండి వచ్చునని సదర్లాండ్, ద దూవ్‌ల 1948 నాటి పరిశోధనము సూచించినది. ఇన్సులిన్ బీటా కణములనుండి వచ్చును. చక్కెరను దించునదియు, ఎత్తునదియు ఒకే ద్వీపమున ప్రక్కప్రక్కనే పుట్టుచున్నవి. అర్జెంటీనాలో హుస్సే, క్లోమము తీసిన కుక్కకు పీయూషగ్రంథిని కూడ తీసివేసినచో మధుమేహపు తీవ్రత తగ్గునని చూపెను. దీనివలన మధుమేహము ఇన్సులిన్ లోపము మాత్రమే కాదనియు, దానికి ఎదురు నిలుచు హార్మోనుల విజృంభణము కూడ ననియు తెలిసినది. 1947 నోబెల్ బహుమానమును హుస్సే, గ్లైకోజెన్ మార్పులను శోధించిన కోరీ దంపతులతో పంచుకొనెను.

ఈ తూకము పనిచేయు తీరును సంగ్రహముగా చెప్పవలెను. ఉపవాసవేళ రక్తమున 100 మిల్లీలీటర్లకు 70 నుండి 100 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉండును. పెద్దవాని రక్తమంతయు చేర్చినను ఇది 5 గ్రాములకు, అనగా చిన్న చెంచాడు చక్కెరకు మించదు. మెదడు ఒక్కటియే దినమునకు సుమారు 120 గ్రాముల గ్లూకోజును వినియోగించును. ఇంత స్వల్పమైన నిలువతో అంత వ్యయమును నడుపుటకు ఎడతెగని నియంత్రణము కావలెను.

భోజనానంతరము గ్లూకోజు బీటా కణమున ప్రవేశించి దగ్ధమై, ఏటీపీ అను శక్తిద్రవ్యమును పెంచును. ఏటీపీ పెరుగగానే కణపు పొరయందలి పొటాషియం ద్వారములు మూతబడును. కాల్షియం లోనికి వచ్చును. ఇన్సులిన్ వెలికి పోవును. గ్లూకోజు ఈ ద్వారములను మూయుననుట 1984లో నిరూపింపబడినది. ఏటీపీ 1929లో వెల్లడియైనది. జర్మనీలో లోమాన్ ఒకవైపు, హార్వర్డులో ఫిస్కే, భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావు మరియొకవైపు దానిని కనుగొనిరి. వారున్న శాఖకు అధిపతియగు ఓటో ఫోలిన్, రక్తపు చక్కెరను కొలుచు ప్రసిద్ధ పద్ధతిని నిర్మించినవాడు. సుబ్బారావుగారు ఏటీపీని కండరకాలేయముల శోధనలో చూచిరే గాని మధుమేహమునకై వెదుకలేదు. ఐనను చక్కెర పెరిగినదను వార్తను బీటా కణమునకు తెలుపు దూత ఆ ద్రవ్యమే యగుట తెలుగువారు ఎరుగవలసిన విషయము.

వెలువడిన ఇన్సులిన్ కండరములయందును కొవ్వుకణములయందును గ్లూకోజు ప్రవేశమునకు త్రోవ తెరచును. కాలేయమును చక్కెర చేయవలదని యాపును. కొవ్వు కరగకుండ నిలుపును. భోజనము లేనివేళ గ్లూకగాన్ కాలేయముచే గ్లైకోజెన్‌ను విడిపించి, క్రొత్త గ్లూకోజును చేయించును. ఆపదలో అడ్రినలిన్, దీర్ఘోపవాసమున కార్టిసాల్, పెరుగుదల హార్మోను దానికి తోడగును. ఇన్సులిన్ పూర్తిగా లోపించినచో కాలేయము నిరంకుశమై చక్కెరను విడుచును. కొవ్వు కరగి కీటోనులుగా మారి రక్తము ఆమ్లమగును. 1874లో కుస్మాల్ వర్ణించిన లోతైన, ఆయాసకరమైన శ్వాస ఈ స్థితికి చిహ్నము. కణములు ఆకలితో నుండగా చక్కెర మూత్రమున పోవును. చక్కెరవెంట నీరు పోవును. నీటివెంట దప్పి వచ్చును. అరెటేయస్ చూచినది ఈ కడపటి దృశ్యమును.

7. ఇన్సులిన్ ఉండియు వ్యాధి

స్థూలుడైన రోగికి ఇన్సులిన్ సూదిమందు అంతగా పనిచేయదేమి? 1936లో లండనునందు హిమ్స్‌వర్త్ రోగులను ఇన్సులిన్‌కు లొంగువారు, లొంగనివారు అని రెండుగా విభజించెను. అమెరికాలో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ రక్తమున అత్యల్పపరిమాణమున నున్న ఇన్సులిన్‌ను కొలుచు పద్ధతిని కనుగొనిరి. 1960లో వారు ప్రకటించిన కొలతలలో, పెద్దవయస్సున వ్యాధి వచ్చిన పెక్కుమందికి ఇన్సులిన్ లోపించుటకు మారుగా సమృద్ధిగా నుండుట కనబడినది. ఆజ్ఞ కలదు, వినువారు లేరు. కాలక్రమమున ఆజ్ఞాపించు బీటా కణములును అలసి క్షీణించును. ఇది రెండవ రకము. మొదటి రకమున శరీరరక్షకకణములే పొరపడి బీటా కణములను నాశనము చేయును; ద్వీపకణములకు విరుద్ధములైన ప్రతిదేహములు 1974లో గుర్తింపబడినవి.

ఈ నియంత్రణమున ప్రేగునకును పాత్ర కలదు. రక్తములోనికి నేరుగా ఎక్కించిన గ్లూకోజుకంటె నోట త్రాగిన గ్లూకోజు ఎక్కువ ఇన్సులిన్‌ను వెలువరించునని 1964లో తెలిసినది. ప్రేగు ముందుగా వార్త పంపుచున్నదన్నమాట. ఆ వార్తాహరములలో ముఖ్యమైన జీఎల్‌పీ-1 అను హార్మోను గ్లూకగాన్‌ను నిర్మించు జన్యువునందే ఇమిడి యున్నదని 1980 దశకమున బయటపడెను. 2005 నుండి వాడుకకు వచ్చిన ఒక తరగతి మందులకు ఇదియే మూలము. ఒకే జన్యువు చక్కెరను ఎత్తు ద్రవ్యమునకును, దించుటకు తోడ్పడు ద్రవ్యమునకును పుట్టినిల్లగుట ఈ తూకముయొక్క సూక్ష్మతను చాటుచున్నది.

8. పేరు మిగిల్చిన భ్రమలు

పై చరిత్రను మన పేర్లతో సరిచూచినచో మూడు విషయములు తేలుచున్నవి.

మొదటిది. మూత్రపిండములు రక్తపు గ్లూకోజు 100 మిల్లీలీటర్లకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటువరకు దానిని మూత్రమున పోనీయవు. నేటి వైద్యమున ఉపవాసవేళ 126 ఉన్నచో, రెండవమారు పరీక్షించి మధుమేహమని నిర్ణయింతురు. ఉపవాసవేళ 130 ఉన్నవాని మూత్రమున ఆ వేళ చక్కెర కనబడకపోవచ్చును. అనగా మేహమున మధువు లేని మధుమేహము కలదు. చీమలు చేరునప్పటికి వ్యాధి చాలదూరము నడచినది. పేరును నమ్మి మూత్రమును కనిపెట్టుకొని యుండువాడు, కన్నునకును మూత్రపిండమునకును నరములకును హాని ప్రారంభమైన పిమ్మట మేలుకొనును.

రెండవది. ‘చక్కెరవ్యాధి’ యని పలుకుట తోడనే తీపికి చేదు విరుగుడను తర్కము మనస్సున ప్రవేశించును. నాలుకమీది రుచుల వైరమును రక్తమునకు అన్వయించుట ఇది. కాకరకాయ తినుటలో దోషము లేదు. కాని మొదటి రకపు రోగి చేదును నమ్మి ఇన్సులిన్‌ను మానినచో ప్రాణమే పోవును. 1922కు పూర్వము చేదుపదార్థములకు కొరత లేదు. లెనార్డ్ థాంప్సన్ వంటి పిల్లలు మాత్రము బ్రదుకలేదు. ఈ యొక్క సత్యము చాలును.

మూడవది. ‘అతిమూత్రవ్యాధి’ యను పేరు వేరొక వ్యాధిని కూడ తనలో కలుపుకొనుచున్నది. పీయూషగ్రంథినుండి వచ్చు వాసోప్రెసిన్ అను హార్మోను లోపించినను, దానిని మూత్రపిండము పాటింపకున్నను, మూత్రము మిక్కుటముగా పోవును. అందు తీపి యుండదు. దీనిని గూడ పాశ్చాత్యులు చిరకాలము డయాబిటిస్ అనియే పిలిచిరి. రెండును ఒకటే యను పొరపాటు రోగులకు అపాయకరమగుచున్నదని గ్రహించి, 2022లో అంతఃస్రావవైద్యులు దానికి వాసోప్రెసిన్ లోపము, వాసోప్రెసిన్ నిరోధము అని హేతువును తెలుపు పేర్లను ప్రతిపాదించిరి. లక్షణమును విడిచి హేతువును పట్టుకొన్న నామకరణమునకు ఇది చక్కని నిదర్శనము.

మధుమేహశబ్దమును మనము విడువవలెనని నా యభిప్రాయము కాదు. అది అందమైన మాట. రెండువేల యేండ్ల పరిశీలనమునకు స్మారకము. కాని నిఘంటువునందును, పాఠ్యపుస్తకమునందును ఆ పదమునకు ‘తీపిమూత్రము పోవు వ్యాధి’ అని యర్థము వ్రాయుట ఇక చాలదు. ‘ఇన్సులిన్ లోపమువలన గాని, శరీరము దానిని పాటింపకపోవుటవలన గాని రక్తమున గ్లూకోజు నియంత్రణము తప్పిన స్థితి’ అని వ్రాయవలెను. క్లోమశబ్దము క్రింద ప్రాచీనార్థము సందిగ్ధమనియు, నేటి యర్థము ఆధునికమనియు వేర్వేరుగా చూపవలెను. ‘ఇన్సులిన్ నిరోధము’ వంటి మాటలు వైద్యుని గదిలో ఆంగ్లముననే వినబడి, ఇంటికి వచ్చువరకు ‘షుగరు’గా కుదించుకొని పోవుచున్నవి. తెలుగున వాని భావము స్థిరపడనంతవరకు రోగి తన వ్యాధిని తీపిగానే తలచును, చేదునే వెదుకును. చరకసుశ్రుతులు తమ కంటికి కనబడినంత వరకు నిజము చెప్పిరి. వారి పదమును వాడుకొనుచున్న మనము, మనకు తెలిసినంత వరకు దానికి అర్థము చెప్పుట న్యాయము.